నలభై అయిదో సీటు

మొదటి రోజు, ఉదయం ఆరు గంటలు. మెట్ట కాలనీ రేవు.

లైబ్రరీ ముందు బస్సు ఆపుతానని నాకు మాట ఇచ్చిన డ్రైవరు ఆపకుండా వెళ్లిపోయి నలభై ఒక్క ఏళ్లయింది. నేను అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చాను, అంతే. ఆ అయిదు నిమిషాల్లో నాగులరేవు శాఖా గ్రంథాలయం, దానిలోని పదకొండు వేల పుస్తకాలు, మనుషుల మీద నాకు మిగిలి ఉన్న కాస్త నమ్మకం సముద్రంలో కలిసిపోయాయి. ఆ డ్రైవరు పేరు ఈ దినచర్యలో రాయను. ఇన్నేళ్లూ నోటితో పలకలేదు. ఇప్పుడు చేత్తో రాసి ఆ నిష్ఠ చెడగొట్టుకోను.

ఆయన పోయిన నెల చనిపోయాడు. సంతాప సభకు వెళ్లాను. దండ వేయడానికి కాదు, అభ్యంతరం చెప్పడానికి. ఆయనంతటి మాట మీద నిలబడే మనిషి లేడని వరసగా నలుగురు చెప్పారు. అయిదోవాడు చెప్పబోతుంటే నేను లేచాను. ఊరు ఖాళీ చేసిన రోజు చివరి ట్రిప్పులో లైబ్రరీ దగ్గర బస్సు ఆగలేదని, అది కూడా రాసుకోమని అన్నాను. ఇద్దరు వచ్చి నా రెక్కలు పట్టుకుని మర్యాదగా వరండాలో కూర్చోబెట్టారు. టీ ఇచ్చారు. చక్కెర ఎక్కువైంది. ఆ సంగతి కూడా చెప్పాను.

గుమ్మం దగ్గర ఆయన మేనల్లుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. లేడు.

"పార్కుకెళ్లి చూసుకోండి మేష్టారూ. మనుషులు అబద్ధం ఆడినా బస్సు ఆడదు గదా."

ఆ పార్కు పేరు 'మునిగిన ఊరు'. కొండ మీద కట్టారు. రంగులరాట్నాలు, నీటి జారుడుబండలు అన్నీ ఉన్నాయి కాని జనం ఎగబడేది మాత్రం ఆనాటి మా ఎర్ర బస్సు కోసం. ఆఖరి ట్రిప్పులో పైకి వచ్చిన బస్సు అదే. దాని నాలుగు వైపులా, లోపలా ఉన్న కెమెరాలు ఆ రోజు చూసినదీ విన్నదీ అంతా దాని జ్ఞాపకంలో ఉంది. జనాన్ని లోపల కూర్చోబెట్టి, కిటికీల బయట ఆ జ్ఞాపకాన్ని వెలిగిస్తారు. నలభై నిమిషాల పాటు ఊరు మళ్లీ నేల మీద ఉంటుంది.

వచ్చే ఆదివారం సాయంత్రంతో ఆ బస్సు ఆపేస్తున్నారు. జ్ఞాపకాన్ని తుడిచేసి, ఆ స్థలంలో గిరగిరా తిరిగేది ఇంకేదో పెడతారట. అంటే నా సాక్ష్యం అయిదు రోజుల్లో చెరిగిపోతుంది. ఈలోగా లైబ్రరీ ముందు నుంచి ఆగకుండా వెళ్లే ఆ బస్సును నా కళ్లతో చూడాలి. లేకపోతే సంతాప సభల్లో గొడవ చేసే పిచ్చి ముసలివాడిగానే మిగిలిపోతాను. చూశాక కూడా అలాగే మిగలొచ్చు. కాని అప్పుడు రుజువుతో మిగులుతాను.

మొదటి రోజు, మధ్యాహ్నం. నీటి బస్సు.

క్యూ పార్కు దగ్గర మొదలవదు. మా కాలనీ రేవులోనే మొదలవుతుంది. నీటి బస్సులో ఏ సీటు దొరికితే అదే క్యూలో మన స్థానం. కొండ కింద తీగబండి ఎక్కినా, పైన కదిలే కుర్చీల్లోకి మారినా, ముందున్నవాడు ముందే, వెనకున్నవాడు వెనకే. ఇప్పుడు ఎవరూ నిలబడరు. క్యూయే మనల్ని మోసుకుపోతుంది. మొత్తం మూడున్నర రోజులు.

మణికట్టుకు ఒక పట్టీ కట్టారు. అది మాట్లాడుతుంది. మరుగుదొడ్డికి వెళితే తొమ్మిది నిమిషాలు అనుమతి, దాటితే స్థానం పోతుంది. డెబ్భై ఎనిమిదేళ్ల మగవాడి శరీరం గురించి ఏమీ తెలియని పాతికేళ్లవాడెవడో పెట్టిన నియమం ఇది. మొదటిసారి ఎనిమిది నిమిషాల యాభై సెకన్లకు బయటపడ్డాను. పట్టీ నన్ను అభినందించింది. నా జీవితంలో నాకు దక్కిన బహిరంగ సన్మానం ఇదొక్కటే.

కిందంతా ఉప్పు నీళ్లు. అక్కడక్కడా సెల్ టవర్ల తలలు, వాటి మీద నీటికాకులు. మాకు ముందున్న పిల్లలు వాటిని చెట్లనుకుంటున్నారు. సరిదిద్దబోయి ఊరుకున్నాను. చాలా రోజుల తరువాత చేసిన మంచి పని.

నాకు ఒక సీటు ముందు ఒడుగు ముత్యాలమ్మ అనే ఆవిడ కూర్చుంది. తేలే బజారులో ఎండుచేపలు అమ్ముతుంది, యాభై దాటి ఉంటాయి. వాళ్లమ్మది నాగులరేవేనట. ఏం చేసేవారని నన్ను అడిగింది. లైబ్రేరియన్ని అన్నాను. పుస్తకాలు ఇచ్చేవారా, పుచ్చుకునేవారా అంది. నేను పుచ్చుకోవడంలోనే పేరు తెచ్చుకున్నానని ఆవిడకు చెప్పలేదు.

రెండో రోజు. తీగబండి.

తీగబండి గాలికి ఆగింది. లోయ మీద మూడు గంటలు వేలాడాం. క్యూలో మా స్థానాలు మాత్రం భద్రంగా ఉన్నాయని పట్టీ ప్రతి పావుగంటకూ చెబుతోంది. తీగ తెగినా ఇదే వరసలో పడతామన్న మాట.

నా సంచిలో ఒకే పుస్తకం ఉంది. మామిడి చెట్లకు పట్టే తెగుళ్ల గురించి. ప్రపంచ సాహిత్యం అంతా చదివానని ఊళ్లో గొప్పలు పోయినవాణ్ణి, నలభై ఒక్క ఏళ్లుగా నా దగ్గర మిగిలింది తేనెమంచు పురుగు గురించిన ఈ నూట తొంభై పేజీలు. ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మెట్ట కాలనీలో ఒక్క మామిడి చెట్టయినా లేదు.

ముత్యాలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసింది. మొదటి పేజీలో ఉన్న ఊదారంగు ముద్ర మీద వేలు పెట్టి అదేమిటని అడిగింది. మా లైబ్రరీ ముద్ర, గుండ్రం మధ్యలో తెరిచిన పుస్తకం బొమ్మ. చేతికందిన ప్రతిదాని మీదా ఆ ముద్ర కొట్టేవాణ్ణి. కుర్చీలు, కూజా, గోడ గడియారం, నా గొడుగు. పాఠకులు పుస్తకాలు వదిలేసి మిగతావన్నీ పట్టుకుపోయేవాళ్లు.

ఇదొక్కటీ ఎలా మిగిలిందని అడిగింది. ఆ రోజు నా చేతిలో ఉందని చెప్పాను. అది అబద్ధం కాదు.

మూడో రోజు, సాయంత్రం. కుర్చీల మైదానం.

కొండ మీదకు చేరాం. నాలుగు వేల కుర్చీలు పాములా మెలికలు తిరుగుతూ గంటకు ఒక అంగుళం చొప్పున కదులుతున్నట్టు అనిపిస్తుంది. నా కుర్చీకి గొంతు ఉంది. నేను నిట్టూర్చినప్పుడల్లా మీ సహనానికి ధన్యవాదాలు అంటుంది. నాలో ఆ గుణం ఉందని మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ అనలేదు.

ముత్యాలమ్మ ఎండుచేపలు వేయించినవి తెచ్చుకుంది. నాకూ పెట్టింది. తినకూడని కులంలో పుట్టానని గుర్తు చేసుకునేలోపు మూడు తిన్నాను.

రాస్తున్నాను కాబట్టి నిజం కూడా కొంచెం రాస్తాను. ఆ రోజు ఆలస్యం ఎందుకయిందంటే, పుస్తకాలన్నీ మూటలు కట్టి లైబ్రరీ వరండాలో పెట్టాక, రిజిస్టరు చూసుకుంటే ఒక పుస్తకం తక్కువ వచ్చింది. రెండు వందల పన్నెండో నంబరు సభ్యుడు, ఒక రిటైరైన ప్లీడరు, పట్టుకెళ్లి ఆరు నెలలైంది. ఊళ్లోకి నీళ్లు వస్తున్నాయి. బస్సు నాలుగూ పదికి లైబ్రరీ ముందు ఆగాలి. నేను ప్లీడరు గారింటికి వెళ్లాను.

ఏ పుస్తకమో చెప్పనక్కర్లేదనుకుంటాను.

నాలుగో రోజు, మధ్యాహ్నం రెండు.

నా వంతు వచ్చింది. ఎక్కలేదు.

గేటు దగ్గర కొల్లాబత్తుల ఎస్తేరు అనే అమ్మాయి ఉంది, ముప్పై ఏళ్లుంటాయి, ఈ బస్సు క్యూకి ఆవిడే అధికారి. బస్సుకు నలభై అయిదు సీట్లు కాబట్టి గేటు నలభై అయిదు మందిని లోపలికి వదిలింది. ముత్యాలమ్మ నలభై నాలుగో మనిషి, నేను నలభై అయిదో మనిషి. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాను. అదే వాసన, డీజిలూ రెక్సినూ. డ్రైవరు వెనక కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. అటు నడవబోయాను.

"ఖాళీ లేదండీ తాతగారూ," అంది ఎస్తేరు.

చూపించాను. అదిగో సీటు.

"కర్చీఫ్ వేసుందండీ."

నిజమే. సీటు మీద వెలిసిపోయిన చేతిరుమాలు ఒకటి పరిచి ఉంది. నేనేం చేశానో వివరంగా రాస్తాను, ఎందుకంటే నా చదువు ఎందుకూ కొరగాదనడానికి ఇంతకంటే సాక్ష్యం దొరకదు. "ఓహో" అన్నాను. కిందికి దిగిపోయాను. నలభై ఒక్క ఏళ్లు ఎదురుచూసి, మూడున్నర రోజులు ప్రయాణం చేసి, ఎవడో కర్చీఫ్ వేసుకున్నాడని మర్యాదగా దిగిపోయాను. మా ఊళ్లో కర్చీఫ్ వేసిన సీట్లో ఎవడూ కూర్చునేవాడు కాదు. కిటికీలోంచి కర్చీఫ్ పడిందంటే మనిషి పడ్డట్టే.

తలుపు మూసుకుంది. పట్టీ అంది: మీ యాత్ర పూర్తయింది, ఆనందించారని ఆశిస్తున్నాం.

నాలుగో రోజు, సాయంత్రం.

ఎస్తేరు వివరించింది. పార్కు వాళ్లకు బస్సు దొరికినప్పుడు ఆ కర్చీఫ్ సీటు మీదే ఉంది. లోపల ఏ వస్తువునూ కదిలించకూడదన్నది ఒప్పందం. క్యూ యంత్రం ఎక్కడో దూరదేశం వాళ్లు చేసింది, దానికి సీట్లు లెక్కపెట్టడం వచ్చు, కర్చీఫ్ సంగతి తెలియదు. ప్రతి ట్రిప్పుకూ నలభై అయిదు మందిని పంపుతుంది, నలభై నలుగురే కూర్చుంటారు. పదకొండేళ్లుగా ఇంతే. ఎందుకు ఫిర్యాదు చేయలేదని అడిగితే ఎస్తేరు నావైపు వింతగా చూసింది. సీటు ఎవరో పట్టుకున్నారు కదండీ, ఇందులో ఫిర్యాదు ఏముంది అంది. ఆవిడ తాతలదీ మా ఊరే.

మిగిలిపోయిన మనిషిని తరవాతి ట్రిప్పులో అందరికంటే చివర చేరుస్తారు. చివర అంటే నలభై అయిదు. అంటే మళ్లీ మిగిలేదీ అతనే. నాకంటే ముందు ఆ స్థానంలో ఒక పెద్దమనిషి రెండు రోజులుండి, నా ట్రిప్పుకు కాస్త ముందే విసిగిపోయి వెళ్లిపోయాడట. ఆయన ఖాళీ చేసిన పదవిలోకి నేను వచ్చాను. జీవితంలో ఏ పదవీ నాకు ఇంత సులువుగా రాలేదు.

నాలుగు గంటల ట్రిప్పులోనూ మిగిలాను. ఆరు గంటల ట్రిప్పులోనూ మిగిలాను. నేను ఆనందించానని పట్టీ మూడుసార్లు నమ్మింది. ముందున్నవాళ్లు ఎవరైనా స్థానం మారితే నేను ఎక్కొచ్చు. ఒకాయన్ని అడిగాను. ఆయన నా బాధంతా విని, ఎంతో సానుభూతితో తల ఊపి, ఎక్కి కూర్చున్నాడు.

ముత్యాలమ్మ బస్సు దిగి నా దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, వాళ్లమ్మ ఉన్న వీధి చూసిందట. లైబ్రరీ గురించి ఏదో చెప్పబోయింది. వద్దన్నాను. సాక్ష్యం నా కళ్లతోనే చూడాలి, ఇంకొకరు చెబితే అది వినికిడి అవుతుంది.

"చెప్పన్లెండి," అంది. "మీరే చూసుకోండి. చూడాల్సింది మీరే."

ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు.

అయిదో రోజు, మధ్యాహ్నం మూడు.

ఆదివారం. పొద్దున్నుంచి నాలుగు ట్రిప్పులు పోయాయి. నాలుగుసార్లు ఫుట్‌బోర్డు ఎక్కాను, నాలుగుసార్లు కర్చీఫ్ చూశాను, దిగాను. కళ్లజోడు మార్చుకోమని డాక్టరు రెండేళ్లుగా చెబుతున్నాడు. అంత దూరం నుంచి నాకది తెల్లటి మచ్చ. ఇంక అయిదు గంటల ట్రిప్పు ఒక్కటే ఉంది. ఆ తరవాత తుడిచేస్తారు.

తిరుగు నీటి బస్సు సాయంత్రం దాకా లేదు కాబట్టి ముత్యాలమ్మ నా కుర్చీ పక్కనే కూర్చుని ఉంది. నేను ఆ కర్చీఫ్ వేసినవాణ్ణీ, వాణ్ణి కన్నవాళ్లనీ తిడుతున్నాను. ఊరు మునుగుతుంటే కిటికీ పక్క సీటు కావాల్సి వచ్చిన ఆ స్వార్థపరుడు ఎవడో అన్నాను. కర్చీఫ్ వేసి రాకుండా పోయాడంటే ఎంత బాధ్యత లేని మనిషో అన్నాను.

ఆవిడ కాసేపు విని, నా సంచిలోంచి మామిడి పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచింది.

"ఈ ముద్రే గదా మేష్టారూ, దాని మూల కూడా ఉంది."

"దేని మూల?"

"కర్చీఫ్ మూల. ఊదారంగు. బొమ్మ కూడా ఇదే."

నా కుర్చీ నా సహనానికి ధన్యవాదాలు చెప్పింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దున బస్సు డిపోకి వెళుతూ లైబ్రరీ ముందు నెమ్మదించింది. వరండాలో మూటలు కడుతున్న నేను జేబులోంచి కర్చీఫ్ తీసి కిటికీలోంచి విసిరాను. మీ వెనక సీటు నాది అన్నాను. ఆయన నవ్వి, ఆపుతానండీ, మీరు మాత్రం సిద్ధంగా ఉండండి అన్నాడు. మొదటి సగం మాటను నలభై ఒక్క ఏళ్లు మోశాను. రెండో సగాన్ని ఎక్కడ పారేశానో తెలియదు.

అయిదో రోజు, సాయంత్రం అయిదు.

ఎస్తేరుతో ఆ సీటు నాదని చెప్పాను. నవ్వలేదు. రుజువు అడిగింది. పుస్తకం ఇచ్చాను. బస్సులోకి తీసుకెళ్లి, సీటు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కర్చీఫ్ మూలనీ పుస్తకం మొదటి పేజీనీ పక్కపక్కన పెట్టి చూసింది. తరవాత లేచి పక్కకు తప్పుకుంది.

"రండి తాతగారూ. మీకోసమే ఉంది."

మొదటి రోజే నేరుగా వచ్చి కూర్చోవలసినవాణ్ణి. క్యూ అక్కర్లేదు, పట్టీ అక్కర్లేదు. నా సీటును నాకు దక్కకుండా నేనే ఏడుసార్లు కాపాడుకున్నాను.

కర్చీఫ్ మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీల బయట వెలుగు వచ్చింది. నా ముందు డ్రైవరు సీట్లో వెలుగుతో చేసిన మనిషి ఒకడు గేరు మార్చాడు. నా జ్ఞాపకంలో ఆయనకు గుబురు మీసాలు, క్రూరమైన చూపు ఉండేవి. ఈయనకు మీసమే లేదు. ముప్పై ఆరేళ్లవాడు, చెవి వెనక పెన్ను పెట్టుకుని, నిద్రలేక ఎర్రబడ్డ కళ్లతో ఉన్నాడు.

బస్టాండు, చేపల రేవు, హైస్కూలు గోడ. వీధుల్లో చీలమండల లోతు నీళ్లు. ఆనాటి జనం గొంతులు చుట్టూ వినిపిస్తున్నాయి, మేం నలభై అయిదుగురం కదలకుండా కూర్చున్నాం. డ్రైవరు ముందున్న గడియారం నాలుగూ పది చూపించింది. లైబ్రరీ వచ్చింది.

బస్సు ఆగింది.

వరండాలో నేను కట్టిన మూటలు ఉన్నాయి. తలుపుకి తాళం ఉంది. ఆయన హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. దిగి, నీళ్లలో నడిచి, వరండా ఎక్కి తలుపు బాదాడు. మేష్టారూ, మేష్టారూ అని పిలిచాడు. తిరిగి వచ్చి కూర్చున్నాడు. నాలుగూ పదిహేను. లోపలి గొంతులు పెద్దవయ్యాయి. పోనియ్యమని, పిల్లలున్నారని, చక్రాలు మునుగుతున్నాయని, ఆ పుస్తకాల పిచ్చివాడి కోసం అందరినీ చంపుతావా అని. ఎవరో ఆడమనిషి పిల్లను ఎత్తుకుని నిలబడి ఉందని, ఈ సీటు ఇప్పించమని అన్నారు.

ఆయన వెనక్కి తిరిగాడు. నన్నే చూస్తున్నట్టు ఉంది.

"కర్చీఫ్ వేసుకున్నారండీ. వస్తారు."

నాలుగూ ఇరవై. మళ్లీ దిగి తలుపు బాదాడు. నాలుగూ ఇరవై ఒకటికి వచ్చి, స్టీరింగ్ మీద తల ఆనించి ఒక్క క్షణం అలా ఉండి, గేరు వేశాడు. పిల్లను ఎత్తుకున్న ఆవిడకు ఇంజను పక్కన తన సంచి పరిచి చోటు చూపించాడు. ఈ సీటు మాత్రం ఇవ్వలేదు. కొండ మీదకు వచ్చేదాకా ఇవ్వలేదు.

ఆ పదకొండు నిమిషాలూ నేనెక్కడున్నానో నాకు తెలుసు. ప్లీడరు గారి అరుగు మీద ఉన్నాను. పుస్తకం అప్పటికే నా చేతికి వచ్చేసింది. రిజిస్టరులో సంతకం కావాలని పట్టుబట్టాను. ఆయన ప్లీడరు కాబట్టి ప్రతి పంక్తీ చదివి గాని సంతకం పెట్టనన్నాడు. హారన్ వినిపించింది. వస్తున్నా అనుకున్నాను. లైబ్రరీకి తిరిగి వచ్చేసరికి మోకాళ్లు దాటి నీళ్లు, బస్సు లేదు. నాలుగున్నర దాటింది. అయిదు నిమిషాల ఆలస్యం అని నలభై ఒక్క ఏళ్లుగా చెబుతూ వచ్చాను. చివరికి జాలర్ల పడవ వాళ్లు నన్ను జుట్టు పట్టుకుని పైకి లాగారు. సంతకం ఉన్న రిజిస్టరు నీళ్లలో పోయింది. పుస్తకం మిగిలింది.

అయిదో రోజు. తిరుగు నీటి బస్సు.

కర్చీఫ్ నా దగ్గరే ఉంది. బస్సు ఆపేశాక ఎస్తేరు తీసుకెళ్లమంది. యాత్ర పూర్తయిందా అని పట్టీ ఈసారి అడిగింది. ఆ పట్టీని ఊడదీసి ముత్యాలమ్మ చేపల బుట్టలో వేశాను. ఆవిడ రెండు వేయించిన చేపలు నా చేతిలో పెట్టి కిటికీ వైపు తిరిగింది.

ఇంకా ఒకటి రాయాలి. ఆ సంవత్సరమే ఆయన నాకు మూడు ఉత్తరాలు రాశాడు. కవరు మీద చేతిరాత చూసి మూడూ విప్పకుండానే తిప్పి పంపాను. మూడో దాని మీద ఎర్ర సిరాతో 'తిరస్కరించడమైనది' అని రాసి, కింద లైబ్రరీ ముద్ర ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను. ఆ తరవాత ఆయన రాయలేదు. ఒకే కాలనీలో, ఎనిమిది వీధుల దూరంలో, ఎదురుపడితే నేను పక్క సందులోకి తిరుగుతూ, నలభై ఏళ్లు ఉన్నాం.

మెట్ట కాలనీ దీపాలు కనిపిస్తున్నాయి. రేపు ఆ మేనల్లుడి ఇంటికి వెళ్లాలి. ఏమని చెప్పాలో తెలియడం లేదు, కాబట్టి టీలో చక్కెర గురించి మొదలుపెడతాను.

కాని ఒక మాట. మునుగుతున్న ఊళ్లో, నలభై మంది తిడుతుంటే, నాలాంటివాడి కోసం పదకొండు నిమిషాలు ఆగిన మనిషి, నాలుగో ఉత్తరం ఒక్కటి రాయలేకపోయాడా? నాలుగోది విప్పేవాణ్ణి. విప్పేవాణ్ణనే అనుకుంటున్నాను. తప్పు ఆయనదే. ఎవరైనా అడిగితే ఇప్పుడు పేరు కూడా చెబుతాను: మేడిశెట్టి కోదండం.